శత్రువు లేని యుద్ధచిత్రము: తిషియన్ రచించిన ఐదవ చార్లెస్ అశ్వారూఢ చిత్రమున వీరరస విచారము

రాజును స్తుతించు రచనయందు వీరరసమునకు ప్రాధాన్యము సిద్ధించునా, లేక అది రాజస్తుతికి అంగమై అణగియుండునా అను ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. దేవుని, గురువును, రాజును విషయముగా గొన్న రతి రసము కాదనియు, భావమాత్రమే యనియు మమ్మటుడు నిర్ణయించెను. చాటువులందు ప్రభుప్రీతియే ప్రధానమై, తక్కిన రసములు దానికి అంగములుగా నిలుచునని ఆనందవర్ధనుడు అంతకు పూర్వమే చూపెను. ప్రబంధముల అవతారికలను పరిశోధించువారికి ఈ ప్రశ్న అడుగడుగున ఎదురగుచునే యుండును. కృతిపతి శౌర్యమును వర్ణించు పద్యమున మనకు కలుగునది వీరరసానుభవమా, లేక కవి చూపిన ప్రభుభక్తికి మెచ్చుకోలా?

ఈ ప్రశ్నను కావ్యమునుండి కొంతసేపు వేరుపరచి ఒక చిత్రమున పరీక్షించుట యుక్తమని తోచినది. కావ్యము కాలక్రమమున నడచును. అందు స్తుతియు, యుద్ధమును, ఫలశ్రుతియు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండగా ఏది అంగి, ఏది అంగము అని విడదీయుట కష్టము. చిత్రమున అన్నియు ఒక్కమాఱే కంటి యెదుట నుండును. ఉన్నది ఉన్నట్లును, లేనిది లేనట్లును కనిపించును. ఇచ్చట పరిశీలింపబడు చిత్రము వెనీసు చిత్రకారుడు తిషియన్ 1548లో రచించినది. పవిత్ర రోమన్ చక్రవర్తియైన ఐదవ చార్లెస్ కవచధారియై గుఱ్ఱముపై సాగుచున్న ఈ తైలవర్ణ చిత్రము నేడు మాద్రిద్ నగరములోని ప్రాదో ప్రదర్శనశాలయందు కలదు. దాని యెత్తు 335 సెంటీమీటర్లు, వెడల్పు 283 సెంటీమీటర్లు.

చిత్రమునకు విషయమైన యుద్ధము 1547 ఏప్రిల్ 24వ తేదీన సాక్సనీలోని మ్యూల్‌బెర్గ్ చెంత, ఎల్బె నదీతీరమున జరిగినది. లూథర్ మతమును స్వీకరించిన జర్మన్ ప్రభువులు కొందఱు ష్మాల్కాల్డెన్ కూటమిగా నేర్పడి చక్రవర్తి నెదిరించిరి. వారి నాయకులలో ప్రముఖుడు సాక్సనీ పాలకుడైన యోహాన్ ఫ్రీడ్రిష్. ఉదయపు పొగమంచు విడివడుచుండగా చక్రవర్తి సేనలు నదిని దాటినవి. సాయంకాలమునకు యోహాన్ ఫ్రీడ్రిష్ చెంపమీద గాయముతో బందీగా చిక్కెను. మఱుసటి సంవత్సరారంభమున, ఆగ్స్‌బర్గ్ నగరమున రాజ్యసభ జరుగుచుండగా, చక్రవర్తి పిలుపుపై తిషియన్ అచ్చటికి వచ్చెను. చిత్రము ఆ నగరముననే, ఆ సభ జరిగిన నెలలలోనే రూపొందినది. ఈ స్థలకాలములను పాఠకులు మనసున నుంచుకొనవలెను. ఈ చిత్రము యుద్ధభూమిలో పుట్టలేదు. యుద్ధానంతరపు సంధి ప్రయత్నముల నడుమ పుట్టినది.

వ్యాఖ్యానమునకు ముందు పాఠ పరిష్కరణము ఆవశ్యకమను నియమము తాళపత్ర గ్రంథములకే కాదు, చిత్రములకును వర్తించును. ఈ చిత్రము ఆగ్స్‌బర్గ్‌లోనే గాలికి పడి చినిగినది; స్థానిక చిత్రకారుడైన క్రిస్టోఫ్ ఆంబర్గర్ దానిని బాగుచేసెను. పిమ్మట అది హంగరీ రాణియు, చక్రవర్తి సోదరియు నగు మేరీ సంగ్రహముననుండి స్పెయిన్ రాజుల సంగ్రహమునకు చేరినది. 1734లో మాద్రిద్ రాజభవనము అగ్నికి ఆహుతియైనపుడు చిత్రముయొక్క క్రింది భాగము దెబ్బతిన్నది. కావున గుఱ్ఱపు కాళ్ళ క్రిందనున్న నేలను, అందలి గడ్డిపూలను పట్టుకొని సూక్ష్మార్థములు తీయువారు శిథిలపాఠముపై భాష్యము వ్రాయుచున్నారని చెప్పక తప్పదు. ముఖము, కవచము, ఆకాశము, చెట్లు, ఈటె: మన వాదము వీటిపైననే ఆధారపడవలెను.

ఇక చిత్రమున కనిపించున దేమి? ఎడమవైపున చిక్కని చెట్ల గుంపు. దాని నీడనుండి వెలువడి ఒక నల్లని గుఱ్ఱము కుడివైపునకు సాగుచున్నది. గుఱ్ఱముపై ఎఱ్ఱని పక్కెర. దాని నెత్తిపై ఎఱ్ఱని తురాయి. రౌతు శిరస్త్రాణమునకు నట్టి తురాయియే కలదు. అతని యురముపై మెఱుగు పెట్టిన ఉక్కు కవచము, దానిపై భుజము మీదుగా వ్రేలు ఎఱ్ఱని పట్టుదట్టి, కంఠమున స్వర్ణోర్ణ వీరసంఘపు పతకము. ఒక చేత వాగెలు, మఱియొక చేత ముందునకు చాచిన ఈటె. ఎదుట విశాలమైన మైదానము, దూరమున నీటి మెఱపు, పైన సంధ్యారాగము పులుముకొన్న మేఘములు. గుఱ్ఱము ముందుకాలు ఎత్తి కదలుచున్నది. రౌతు కదలుట లేదు. అతని చూపు గుఱ్ఱముమీద లేదు, మనమీదను లేదు. చిత్రపు చట్టమునకు వెలుపల ఎచ్చటనో నిలిచియున్నది. ఇంతకు మించి ఈ విశాల చిత్రపటమున మఱియొక మనుష్యుడు లేడు.

ఈ చివరి మాటయే నా వాదమునకు మూలము. కావ్యమును మూలకథతో పోల్చి, కవి యేమి గ్రహించెను, ఏమి విడిచెను, ఏమి మార్చెను అని చూచుట మనకు పరిచితమైన పద్ధతి. అదృష్టవశమున ఈ చిత్రమునకును అట్టి మూలమొకటి కలదు. చక్రవర్తి వెంటనే యుండి యుద్ధమును చూచిన లూయిస్ ద ఆవిలా యను స్పెయిన్ ప్రభువు ఆ దండయాత్రను గ్రంథముగా వ్రాసి 1548లో ప్రకటించెను. ఆనాడు చక్రవర్తి ధరించిన వేషమును అందు వర్ణించెను. గుఱ్ఱపు వన్నె, ఎఱ్ఱని మఖమలు పక్కెర, బంగారు పూత గల కవచము, ఎఱ్ఱని దట్టి, చేతిలోని ఈటె, ఇవన్నియు చిత్రములోని వానితో చాలవఱకు సరిపోవుచున్నవి. కవచము ఊహాకల్పితమైనది కాదు. ఆగ్స్‌బర్గ్ శిల్పి డెసిడెరియస్ హెల్మ్‌ష్మిడ్ 1544లో చేసిన ఆ కవచము నేటికిని మాద్రిద్ రాజాయుధశాలయందు నిలిచియున్నది. ఈటె విషయమున మాత్రము భేదము కనిపించును. ఆవిలా వర్ణించినది వేటబల్లెమును పోలిన పొట్టి యాయుధము; చిత్రమున అది నిడుపై, సన్ననై, చీకటి చెట్లనుండి వెలుగు వైపునకు గీచిన గీతవలె నున్నది.

వేషము విషయమున ఇంత నిష్ఠ చూపిన చిత్రకారుడు వృత్తాంతము విషయమున ఏమి చేసెను? ఆవిలా గ్రంథమున సేనానియైన ఆల్బా ప్రభువు కలడు. కత్తులు నోట కఱచుకొని నదిని ఈదిన సైనికులు కలరు. రేవు చూపిన పల్లెవాడు కలడు. పాఱిపోవు శత్రువులు, బందీయైన ప్రభువు కలరు. చిత్రమున వీరిలో నొక్కడును లేడు. నది మాత్రము మిగిలినది. అదియు దూరపు మెఱపుగా మిగిలినది. వేషమును మూలము ననుసరించి గ్రహించి, వృత్తాంతమును సమూలముగా విడిచిన ఈ త్యాగము అశక్తతవలన కలిగినది కాదు, బుద్ధిపూర్వకమైనది.

బుద్ధిపూర్వకమనుటకు రెండు సాక్ష్యములు కలవు. మొదటిది తిషియన్ మిత్రుడైన పియెత్రో అరెటీనో 1548 ఏప్రిల్‌లో వెనీసునుండి వ్రాసిన లేఖ. చక్రవర్తి చిత్రమున మతదేవతను, కీర్తిదేవతను చేర్చుమని అతడు సూచించెను: ఒకతె శిలువను, పానపాత్రను చేపట్టి స్వర్గమును చూపవలెను, రెండవయామె ఱెక్కలతోను, బాకాలతోను నిలిచి లోకమును సమర్పింపవలెను. తిషియన్ ఈ సలహాను స్వీకరింపలేదు. అట్టి కల్పన అతనికి చేతకానిదియు కాదు. 1571 నాటి లెపాంతో నౌకాయుద్ధ విజయమునకై చార్లెస్ కుమారుడు రెండవ ఫిలిప్ కోరగా, 1573-75 నడుమ అదే తిషియన్ రచించిన చిత్రమున ఆకాశమునుండి దిగు దేవత కలదు, దూరమున మండుచున్న ఓడలు కలవు, కాళ్ళకడ కట్టువడిన తురుష్కుడు కలడు. తండ్రి చిత్రమున విడిచిన దంతయు కుమారుని చిత్రమున చేరినది.

రెండవ సాక్ష్యము మఱింత బలవత్తరమైనది. ఓడిన యోహాన్ ఫ్రీడ్రిష్‌ను తిషియన్ చిత్రింపకుండ లేదు. ఆ ఆగ్స్‌బర్గ్ నివాసకాలముననే అతని ప్రతిరూపమును ప్రత్యేక చిత్రపటమున రచించెను. ప్రాదోలోనే యున్న ఆ చిత్రమున బందీ కవచధారియై, చెంపమీద గాయపు మచ్చతో, భారమైన దేహముతో, తలవంచక నిలిచియుండును. విజేత గుఱ్ఱపు డెక్కల క్రింద పడవలసిన శత్రువునకు చిత్రకారుడు వేఱొక చట్టమును, వేఱొక గౌరవమును కల్పించెను. ఇంతకంటె స్పష్టముగా శత్రువును యుద్ధచిత్రమునుండి తొలగించుట సాధ్యము కాదు.

ఈ తొలగింపునకు లౌకిక కారణము లేకపోలేదు. చార్లెస్ ఈ యుద్ధమును మతయుద్ధమని ప్రకటింపలేదు. ఆజ్ఞాధిక్కారము చేసిన సామంతులపై దండనమని ప్రకటించెను. అతని పక్షమున పోరాడిన సాక్సనీ ప్రభువు మోరిస్ స్వయముగా లూథర్ మతస్థుడు, ఓడిన ప్రభువునకు జ్ఞాతి. యోహాన్ ఫ్రీడ్రిష్ కోల్పోయిన, చక్రవర్తిని ఎన్నుకొను అధికారము 1548 ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్‌లోనే అతనికి సంక్రమించినది. మే నెలలో చక్రవర్తి 'ఇంటెరిమ్' అను తాత్కాలిక మతశాసనమును ప్రకటించి, పూర్వాచారమును నిలుపుచునే పురోహితుల వివాహము వంటి కొన్ని విషయములందు లూథర్ మతస్థులకు సడలింపు చూపెను. శత్రువు పరదేశీయుడు కాడు, పరమతస్థుడనుటకును వీలు లేదు. రేపు కలిసి యుండవలసిన తన ప్రజయే. అట్టి సమయమున శిలువ పట్టిన మతదేవతను చిత్రించుట రాజనీతికి విరుద్ధము. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము ఇచ్చట రాజ్యసభయందును, చిత్రపటమునందును ఒక్కటే యైనది.

కాని కారణము వేఱు, కళాఫలము వేఱు. రాజనీతి 'వలదు' అని మాత్రమే చెప్పగలదు. వలదన్న చోట ఏమి నిలుపవలెనో చిత్రకారుడే కనుగొనవలెను. ఇచ్చటనే మన మొదటి ప్రశ్న మరల ఎదురగుచున్నది. యుద్ధవీరమునకు శత్రువు ఆలంబన విభావము. ఆలంబనము లేనిచో ఉత్సాహము దేని నాశ్రయించి నిలుచును? శత్రువును తొలగించినంతనే చిత్రము వట్టి రాజప్రతిమగా, అనగా రాజవిషయక భావముగా, మిగిలిపోవలెనుగదా యని ఆక్షేపింపవచ్చును.

సమాధానము భరతుని వీరరస లక్షణముననే లభించుచున్నది. వీరము ఉత్తమప్రకృతికి సంబంధించినది, ఉత్సాహాత్మకము. దానికి పరాక్రమముతోపాటు అసమ్మోహము, అధ్యవసాయము, నయము, వినయము కూడ విభావములుగా పరిగణింపబడినవి. అనుభావములలో స్థైర్యధైర్యములు మొదట వచ్చును. శత్రుహింసను ప్రధానముగా గొన్నచో రసము రౌద్రము వైపునకు జరుగును. అందు క్రోధము స్థాయి యగును. తిషియన్ రౌతుయందు క్రోధ చిహ్న మొక్కటియు లేదు. పెదవి బిగువు కలదు. కనుబొమ ముడి లేదు. పక్కెర యెఱుపును, దట్టి యెఱుపును చూచి రౌద్రవర్ణమని భ్రమింపరాదు. అవి ఆ దినమున అతడు ధరించిన వేషములోనివే యని ఆవిలా సాక్ష్యము చెప్పుచున్నది. కదలు గుఱ్ఱముపై కదలని దేహము స్థైర్యమునకు రూపము. వాగెలు బిగబట్టక నిలిపిన హస్తము ధృతికి రూపము. చట్టమునకు వెలుపల లక్ష్యముంచిన చూపు అధ్యవసాయమునకు రూపము. చీకటి వనమునుండి వెలుగు మైదానమునకు చాచిన ఈటె ఉత్సాహపు దిశను చూపుచున్నది. శత్రువు లేకున్నను ఉత్సాహము నిరాశ్రయము కాలేదు. చేయవలసిన కార్యమే దానికి ఆలంబనమైనది. ఆ కార్య మేది యని చిత్రము చెప్పదు, ప్రేక్షకుడు ఊహించును. అదియే వ్యంగ్యము.

అరెటీనో కోరిన చిత్రము వచ్చియున్నచో ఈ వ్యంగ్యమునకు చోటుండెడిది కాదు. కీర్తిదేవత బాకా ఊదినచో ప్రశంస వాచ్యమగును. అపుడు రౌతు ఉత్సాహము ఆ ప్రశంసకు హేతువుగా మాత్రమే నిలుచును. రసము అంగమై, స్తుతి అంగియగును. బాకాను తొలగించుటచే తిషియన్ ఈ సంబంధమును తలక్రిందులు చేసెను. ఇందు ప్రశంస లేదని నేననుట లేదు. పటముయొక్క పరిమాణమును, స్వర్ణోర్ణ పతకమును, రోమునందలి మార్కస్ ఆరీలియస్ కంచుప్రతిమను స్ఫురింపజేయు అశ్వారోహణమును ప్రశంసాంగములే. తిషియన్ 1545-46లో రోమునగరమున నుండి ఆ ప్రతిమను చూచియే యుండును. కాని ఇవి వీరమును పోషించుటకే యున్నవి. వీరము వీటిని పోషించుటకు లేదు. లియోన్ లియోనీ 1550ల దశకమున పోతపోసిన కంచు శిల్పమును దీని ప్రక్కన నిలిపినచో భేదము స్పష్టమగును. అందు అదే చక్రవర్తి 'క్రోధము' అను పురుషుని సంకెలలతో బంధించి కాలి క్రింద త్రొక్కిపట్టి యుండును. ఆ శిల్పము చెప్పదలచిన దంతయు చెప్పివేసినది. చూచువానికి మెచ్చుటకంటె వేఱు పని మిగులలేదు.

ఈ చిత్రమునకు ప్రచారమున నున్న రెండు వ్యాఖ్యానములను ఈ వెలుగున విచారింపవలెను. మొదటి దానిని అనుసరించి ఈ రౌతు క్రైస్తవ వీరభటుడు. ఈటె జార్జి మహర్షి ఈటె, లేదా రోమన్ చక్రవర్తుల అధికార చిహ్నము. ఎర్విన్ పనోఫ్‌స్కీ వంటి పండితులు నిలిపిన ఈ యర్థము త్రోసిపుచ్చదగినది కాదు. అయినను సంకేతము తెలిసినంతమాత్రమున రసము సిద్ధింపదు. ఈటెకు మూడర్థములు చెప్పగలిగిన వానికంటె, ఆ యీటె నిడుపును, దిశను, చీకటివెలుగుల నడుమ దాని స్థానమును గమనించిన వాడే చిత్రమునకు దగ్గఱగా నున్నాడు.

రెండవ వ్యాఖ్యానము నేటి పాఠకులకు మిక్కిలి ప్రియమైనది. ఈ ముఖమున అలసట కలదనియు, కీళ్ళవాతముతో కృశించుచున్న నలువదియెనిమిదేండ్ల మనుష్యుని విషాదమును చిత్రకారుడు కనిపెట్టెననియు, రాబోవు రాజ్యత్యాగము ముందే సూచింపబడినదనియు వారందురు. చార్లెస్‌కు ఆ వ్యాధి ఉన్నమాట నిజము. 1556 నాటికి రాజ్యముల నన్నింటిని విడిచి, యూస్తే మఠము చెంతకు చేరి, 1558లో అచ్చటనే మరణించినమాటయు నిజము. కాని ఆ సంగతులు మనకు చరిత్ర చెప్పినవి. చిత్రము చెప్పినవి కావు. కవి చరిత్రను ముందు చదివి, దానిని పద్యమున వెదకి, దొరకినదని సంతోషించు విమర్శ మనకును అపరిచితము కాదు. ఈ ముఖమున నున్నది నిగ్రహము. దానిని విషాదమని పిలుచుటకు చిత్రమునందు ఆధారము లేదు. మన కరుణయందు మాత్రమే కలదు. వీరమును నమ్మలేని కాలమున పుట్టినవారము కావుననే మనకు ప్రతి నిశ్చలముఖము నందును దుఃఖమే తోచుచున్నదేమో విచారించుకొనవలెను.

చరిత్రవలన చిత్రమునకు కలిగిన పరీక్ష మఱియొకటి కలదు. మ్యూల్‌బెర్గ్ విజయము చిరకాలము నిలువలేదు. చార్లెస్ ఎవరిని పెంచెనో ఆ మోరిస్ 1552లో అతనిపై తిరుగబడెను. చక్రవర్తి ఇన్స్‌బ్రుక్ నగరమునుండి పాఱిపోవలసివచ్చెను. 1555లో ఆగ్స్‌బర్గ్‌లోనే కుదిరిన సంధి, ఏ ప్రభువు రాజ్యమున ఆ ప్రభువు ఎంచుకొన్న మతమే చెల్లునని అంగీకరించినది. అనగా, ఏ యైక్యముకొఱకు యుద్ధము జరిగినదో ఆ యైక్యము ఏడెనిమిదేండ్లలో తెరమఱుగైనది. విజయస్తుతిగా రచింపబడినచో ఈ చిత్రము 1552లోనే పరిహాసాస్పదమై యుండెడిది. అట్లు కాలేదు. తరువాతి శతాబ్దమున రూబెన్స్, వాన్ డైక్, వెలాస్కెజ్ తమ తమ ప్రభువుల అశ్వారూఢ చిత్రములకు దీనినే మేలుబంతిగా గొనిరి. విజయము చెడినను చిత్రము చెడకుండుటకు కారణము, విజయము చిత్రమున లేకుండుటయే.

దీనినుండి అవతారికల పరిశోధనమునకు ఒక సూత్రము లభించుచున్నది. మనుచరిత్రావతారికలో పెద్దన కృష్ణదేవరాయల కళింగ దండయాత్రను ఉదయాద్రి మొదలు పొట్నూరు వఱకు పేరు పేరున వర్ణించెను. అచ్చట వృత్తాంతమే బలము. అట్టి పద్యమును తిషియన్ మార్గముతో కొలచుట న్యాయము కాదు. దాని ధర్మము వేఱు. కాని కృతిపతి స్తుతులలో ఏది చరిత్రాధారముగా మాత్రమే నిలిచినది, ఏది ఆ రాజు గెలుపోటములతో పనిలేక నేటికిని చదువరి హృదయమున ఉత్సాహమును రేపుచున్నది అని వేఱుచేయదలచినచో, కవి చెప్పినదానితోపాటు కవి విడిచినదానిని కూడ లెక్కింపవలెను. ప్రభువు కోరినదానిలో కవి దేనిని మానెను? సమకాలికులు చేర్చుమన్న దేవతలను, శత్రువులను, బిరుదములను ఎచ్చట వెలుపల నిలిపెను? మానినచోట ఏ యనుభావము వచ్చి నిలిచినది? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకు పద్యములు సంఖ్యకు తక్కువ కావచ్చును. ఆశ్రయ కవిత్వమంతయు చాటుమాత్రమే యను తీర్పు మాత్రము వానియెదుట నిలువజాలదు. పోషకుని సొమ్ముతో, పోషకుని కొఱకు, పోషకుని రూపమునే రచించుచు కళాకారుడు రసమునకు దాసుడై, ప్రభువునకు దాసుడు కాక యుండవచ్చునని ఈ యొంటరి రౌతు సాక్ష్యము చెప్పుచున్నాడు.